సర్క్యులర్ సా సరిగా కోయట్లేదా? మిషన్ మార్చే ముందు బ్లేడు చూడండి

కొత్త సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే కరెంటు రంపం) కొన్నానని, కోస్తుంటే ఆగిపోతూ పొగ వస్తోందని, వెనక్కిచ్చి ఇంకా ఖరీదైనది కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నేను కడపలో చెక్కపనిలోనే ఉన్నాను. ఇలాంటి ఫిర్యాదుల్లో తప్పు చాలావరకు బ్లేడుదో కరెంటుదో అయ్యుంటుంది, మిషన్‌ది కాదు.

మా మేనమామ ఎర్రముక్కపల్లిలో ఇల్లు కట్టేటప్పుడు, వాకిళ్లకని ఊర్లో వేపమాను కొట్టించి, కోత మిల్లులో పలకలు చేయించి తెచ్చుకున్నాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కొత్తగా 7 అంగుళాల మిషన్ కొంటే, కోత నున్నగా వస్తుందని షాపాయన 60 పళ్ల బ్లేడు అంటగట్టాడు. అది ప్లైవుడ్‌కు బాగుంటుంది. పలకను నిలువునా కోయబోతే జానెడు పోకముందే మోటారు మూలగడం, కోసిన అంచు నల్లగా మాడడం. "దండగైపోయింది రా, ఇచ్చేసొద్దాం పా" అన్నాడు మామ.

ప్లగ్గు పీకి బ్లేడు చూస్తే పళ్ల సందుల్లో తడి పొట్టు ముద్దలు కట్టింది. నిలువు కోతలో పొట్టు ఎక్కువ వస్తుంది. పళ్లు ఎక్కువైతే సందులు చిన్నవి, పొట్టు బయటికి పోలేక రాపిడికి కాలుతుంది. పళ్ల కొసలకు గట్టి కార్బైడ్ ముక్కలున్న 24 పళ్ల బ్లేడు తెప్పించాను. పచ్చి పలక ఇంకో తంటా కూడా తెస్తుంది. కోసేకొద్దీ రెండు ముక్కలూ దగ్గరికొచ్చి బ్లేడును పట్టేస్తాయి, అప్పుడే మిషన్ ఎదురు తన్నేది. అందుకని మా ఆచారి కోత వెనకాల చిన్న చెక్క చీల దూర్చి, "ఇప్పుడు తొయ్ సామీ" అన్నాడు.

ఇక కరెంటు సంగతి. మీటరు దగ్గర్నుంచి మిద్దె మీదికి లైట్లకు వేసే సన్న వైరు లాగారు, అదీ సగం చుట్ట విప్పకుండానే. 1400 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు లాగుతుంది, బ్లేడు ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. సన్న వైరులో వోల్టేజీ పడిపోయి మోటారు బలం తగ్గుతుంది, చుట్టలో వైరు వేడెక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చి పూర్తిగా విప్పి వేశాం. ఆ సాయంత్రానికి అదే మిషన్‌తో పలకలన్నీ కోసేశాం.

నా కోపమంతా ఆ షాపు మీదే. మామ ఫోన్ చేస్తే "మీకు వాడడం రాదు" అన్నారు. అమ్మేటప్పుడు వాట్లు చెప్పారే గానీ, ఏం కోస్తారని ఒక్క మాట అడగలేదు.

మా వైపు ఇంకో పాడు అలవాటుంది. బండలు కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కే పళ్ల బ్లేడు బిగించి చెక్క కోస్తారు. అది నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరుగుతుంది. బ్లేడు మీద రాసిన వేగం ఎంతో చూసేవాళ్లు లేరు. సర్క్యులర్ సాకు ఉన్నట్టు తనంతట తాను మూసుకునే కింది గార్డు (బ్లేడును కప్పే తొడుగు) దానికి ఉండదు. ఉన్న గార్డును కూడా తీగతో పైకి కట్టేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా దగ్గర పనిచేసే పిల్లల్ని ఆ పని చేయనివ్వను.

మీరు మాత్రం ప్లగ్గు పీకేసి, బ్లేడును చేత్తో పట్టుకుని కదిపి చూడండి. ఇరుసు పక్కలకు ఆడుతున్నా, మూలమట్టం పెట్టి ఎంత సర్దినా బ్లేడు కింది ప్లేటుకు 90 డిగ్రీల్లో నిలవకపోయినా, బిల్లు తీసుకుని ఈరోజే షాపుకు పోండి. ఆ రెండూ బ్లేడు మారిస్తే పోయేవి కావు.