అలెర్జీ గడి ఖాళీగా ఉంటే

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర చిన్న ఆసుపత్రి. లంక గ్రామాల్లో వైద్య శిబిరాలకు వెళ్లినప్పుడు నెట్ అందదు కాబట్టి లాప్‌టాప్‌లో వర్డ్ ఫారం నింపుకుంటాం. గడులు తప్ప మిగతాదేదీ మార్చడానికి వీల్లేకుండా ఆ ఫారానికి రక్షణ పెట్టారు. తిరిగి వచ్చాక ఆ వివరాలు పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. ఫారం మొత్తం ఒకేసారి కాపీ కావడం లేదు. ఒక్కో గడీ కాపీ చేస్తూ కూర్చుంటే రాత్రి ఎనిమిదవుతోంది. తెలుగులో ఉన్నవి పిచ్చి అక్షరాలుగా పడుతున్నాయి. టిక్కులైతే రావడమే లేదు. దారి చెప్పగలరా?
- ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన టిక్కుల సంగతే ముందు చెబుతాను. మిగతావన్నీ మీ సమయాన్ని తినే ఇబ్బందులు. ఇది మనిషి ప్రాణం మీదికి తెచ్చేది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేశాను. ఒకసారి కొబ్బరి చెట్టు మీద నుంచి పడిన దింపు కార్మికుణ్ణి తీసుకొచ్చారు. అంతకుముందు శిబిరంలో నింపిన ఆయన ఫారంలో ‘పెనిసిలిన్ పడదు’ అన్న చోట టిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో అలెర్జీ గడి మాత్రం ఖాళీ. డ్యూటీ డాక్టరు తెర చూసి అలెర్జీ ఏమీ లేదనుకున్నారు. ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే ఆ కార్మికుడి భార్య, “ఆ మందుకే ఇదివరకు ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదండీ” అని అడ్డుపడింది. ఆ ఫారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. కాపీ చేశాను, పడిందనుకున్నాను, తిరిగి చూడలేదు.

వర్డ్‌లో పాత పద్ధతిలో పెట్టిన టిక్కు గడి అక్షరం కాదు. అందుకే వట్టి అక్షరాలుగా అతికించినప్పుడు చాలాసార్లు జాడ లేకుండా పోతుంది. కొత్త పద్ధతి గడి అక్షరమే గానీ, దాన్ని గుర్తించని సాఫ్ట్‌వేర్ అక్కడ ప్రశ్నార్థకం పెడుతుంది. కాబట్టి ముఖ్యమైన ప్రతి టిక్కునూ తీసేసి, ఆ చోట ఎంచుకునే జాబితా పెట్టించండి. అందులో మూడు మాటలు ఉండాలి: ఉంది, లేదు, అడగలేదు. మూడోది తప్పనిసరి. అడగకుండా వదిలేసినదీ, అడిగితే లేదన్నదీ రికార్డులో ఒకేలా కనిపించకూడదు. మాట రూపంలో ఉన్నది ఎక్కడికైనా చేరుతుంది. చేరకపోతే ఆ లోటు కంటికి కనిపిస్తుంది.

ఇక కాపీ విషయం. రక్షణ ఉన్న ఫారాన్ని మొత్తంగా ఎంచుకోనివ్వకపోవడం దాని స్వభావం. దానికి వర్డ్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచి కిందికి వెళితే, ఫారం డేటాను డిలిమిటెడ్ టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేయమనే గడి కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని వేరే పేరుతో సేవ్ చేస్తే, పాత పద్ధతి గడుల్లోని జవాబులన్నీ కామాలతో ఒకే వరుసలో వస్తాయి. టిక్కు ఉన్నచోట 1, లేనిచోట 0 పడుతుంది. ప్రశ్నలు రావు, జవాబులే వస్తాయి. అందుకే ఫారంలో గడుల క్రమం ఎవరూ మార్చకూడదు. ముందు ఒక నకలు మీద చేసి చూడండి. ఇలాంటి వరుసలను నేరుగా తీసుకునే సౌకర్యం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో అది అమ్మినవారిని అడగండి. ఉంటే మీ సాయంత్రాలు మీకు మిగులుతాయి.

ఆ వరుసలను మధ్యలో ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం జాగ్రత్త. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య, అదే ఆభా సంఖ్యకు 14 అంకెలు. ఎక్సెల్ దాన్ని కుదించి, మధ్యలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం పెట్టి చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

పిచ్చి అక్షరాలకు కారణం బహుశా అను ఫాంట్లు. మన డీటీపీ షాపుల్లో ఫారాలు వాటితోనే తయారవుతుంటాయి. పైకి తెలుగులా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవి వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. ఫారాన్ని ఏ కంప్యూటర్ అయినా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించండి, ఇకపై టైపింగూ యూనికోడ్‌లోనే సాగించండి. మార్చిన తరువాత ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉండాలి, ఏఎన్‌ఎస్‌ఐ ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

పేరును నమ్మి రికార్డు తెరవకండి. అన్నవరం స్వామి చల్లగా చూసిన నేల మనది, ఒక్క శిబిరంలోనే నలుగురు సత్యనారాయణలు వస్తారు. వయసు, ఫోను నంబరు, ఊరు మూడూ కలిస్తేనే ఎక్కించండి. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 05/07 అంటే మనకు జులై 5, కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే దానికి మే 7.

మందుల పేర్లు, మోతాదులు ఎలా ఎక్కించినా సరే, ఒకరు ఫారం చూసి పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద వేలు పెట్టి సరిచూడాలి. 0.5లో చుక్క పోతే మోతాదు పదింతలవుతుంది. ఒక్కో రోగి వివరాలకు ఒక్క నిమిషం చాలు. ఆ సరిచూడటం అయ్యేదాకా లాప్‌టాప్‌లోని ఫారం తుడిచేయవద్దు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటికి తీసుకెళ్లవద్దు.

ఇవన్నీ ఒకేసారి చేయలేకపోతే ఫాంట్లు, ఎక్సెల్ నెమ్మదిగా చూసుకోండి. అలెర్జీ గడి మాత్రం వచ్చే శిబిరానికి బయల్దేరేలోపు మార్పించండి. ఇప్పటికే ఎక్కించిన రికార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉన్నవాటిని పాత ఫారాలతో పోల్చి, టిక్కు ఉన్నవారి వివరాలు ఈ వారమే సరిచేయండి.