పసుపు వెస్ట్ ఉంటే చాలా? ఆల్ప్స్ కనుమల్లో సైకిల్ తొక్కేవారికి చట్టం ఏమంటుంది

ప్రశ్న: వచ్చే వేసవిలో ఆల్ప్స్ పర్వతాల్లో, ఫ్రాన్స్ వైపూ ఇటలీ వైపూ రోడ్డు సైకిళ్ల మీద కనుమలు ఎక్కాలని స్నేహితులం అనుకుంటున్నాం. దిగేటప్పుడు చలిగాలి ఛాతీకి కొట్టకుండా, మడిచి జేబులో పెట్టుకునే పల్చటి చేతుల్లేని జాకెట్ ఒకటి కొన్నాను. వంద గ్రాములు కూడా ఉండదు. నిమ్మపండు రంగు, వీపు మీద చిన్న మెరిసే గీత ఉంది. అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు హై విజిబిలిటీ వెస్ట్ (దూరం నుంచే కనిపించే చేతుల్లేని జాకెట్) వేసుకోవడం తప్పనిసరి అని ఒక స్నేహితుడు, ఆ రూలు కార్లవాళ్లకే గానీ మనకు కాదని ఇంకొకడు అంటున్నారు. నా వెస్ట్ సరిపోతుందా? పోలీసులు ఆపితే జేబులోంచి తీసి చూపిస్తే చాలదా? అది వేసుకోనప్పుడు కారు గుద్దితే నష్టపరిహారం పోతుందా?

జవాబు: మీ స్నేహితులిద్దరూ చెరో సగం చెప్పారు. గందరగోళం ఎందుకొచ్చిందంటే, ఫ్రాన్స్‌లో వెస్ట్ గురించి రెండు వేర్వేరు నిబంధనలున్నాయి, రెండూ 2008లోనే వచ్చాయి. మొదటిది కార్లవాళ్లది. వెస్ట్ కారులో చేతికందే చోట ఉండాలి, బండి ఆగిపోయి రోడ్డు మీదకు దిగాల్సి వస్తే దిగే ముందే వేసుకోవాలి. 2018లో ఫ్రాన్స్ అంతటా జనం నిరసన తెలపడానికి పసుపు వెస్టులతో ఒక్కసారిగా రోడ్ల మీదకు రాగలిగారంటే, ప్రతి కారులోనూ అప్పటికే ఒకటి ఉండటం వల్లే. రెండోది మీది. అక్కడి రోడ్డు నియమావళిలో ఆర్431-1-1 అనే ఆర్టికల్ ప్రకారం ఊరి పరిధి బయట రాత్రిపూట, లేదా పగలైనా వెలుతురు చాలక సరిగా కనిపించనప్పుడు, సైకిల్ తొక్కేవారూ వెనక కూర్చున్నవారూ హై విజిబిలిటీ వెస్ట్ ధరించాలి. దగ్గర ఉంచుకోవాలి అని కాదు, ధరించాలి అనే రాసి ఉంది. కాబట్టి జేబులోంచి తీసి చూపించడం కారువాడికి పనికొస్తుందేమో గానీ మీకు పనికిరాదు. పట్టుబడితే రెండో తరగతి ఉల్లంఘన కింద అక్కడికక్కడ విధించే జరిమానా 35 యూరోలు.

ఎండ కాస్తున్న మధ్యాహ్నం మామూలు రోడ్డు మీద మీరు ఏ వెస్టూ వేసుకోకపోయినా ఫ్రాన్స్‌లో తప్పు కాదు. చిక్కంతా 'సరిగా కనిపించనప్పుడు' అన్న మాటతోనే. ఎన్ని మీటర్ల దూరం కనిపించకపోతే ఈ నిబంధన వర్తిస్తుందో ఆ ఆర్టికల్‌లో లేదు. యాభై మీటర్ల లెక్క ఒకటి ఉందని కొందరు చెబుతారు. అది వాహనాల వేగ పరిమితికి సంబంధించిన వేరే నిబంధన, దాన్ని దీనికి అతికించకూడదు. కాబట్టి ఆ క్షణంలో పోలీసు ఏమనుకుంటాడు, ఆ తర్వాత కోర్టు ఏమంటుంది అన్నదే మిగులుతుంది. కనుమ మీద మబ్బు దిగినప్పుడు, జోరువాన పడుతున్నప్పుడు, దీపాల్లేని సొరంగంలో దూరినప్పుడు సరిగా కనిపిస్తోందని వాదించడం కష్టం. నన్నడిగితే, సైకిల్ లైటు వేయాలనిపించిన ప్రతిసారీ వెస్ట్ కూడా వేసుకోండి.

ఊరి పరిధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రం తేలిగ్గా తెలుస్తుంది. ఎర్ర అంచున్న తెల్ల బోర్డు మీద ఊరి పేరు కనిపిస్తే లోపలికి వచ్చినట్టు. అదే పేరు మీద ఎర్ర గీత అడ్డంగా కొట్టి ఉంటే బయటికి వెళ్లినట్టు. కనుమ దారుల్లో నూటికి తొంభై పాళ్లు బయటే ఉంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ జాకెట్ సరిపోతుందా? మీరు చెప్పిన వర్ణన బట్టి చూస్తే సరిపోదనే అనుకుంటున్నాను. అది చలిగాలిని ఆపడానికి కుట్టిన బట్ట. ముందు వైపు గాలి చొరని పల్చటి నైలాన్, వీపు వైపు చెమట ఆరడానికి జాలీ, అవసరం లేనప్పుడు గుప్పెట్లో పట్టేంత మడత. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడే చోట, చెమటతో తడిసిన ఒంటితో గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో దిగేవాడికి అది ప్రాణం లాంటిదే, కాదనను. కానీ చట్టం చూసేది రంగును కాదు, లోపల కుట్టిన లేబుల్‌ను. ఆ లేబుల్ మీద సీఈ గుర్తు (యూరప్ భద్రతా నియమాలకు సరిపోతుందని తెలిపే గుర్తు), దాని కింద ప్రమాణం నంబరు ఉండాలి. మామూలుగా కనిపించేది ఈఎన్ ఐఎస్ఓ 20471. రోడ్డు పనివాళ్లు వేసుకునే వెస్టుల ప్రమాణం ఇది. దాని పక్కన వెస్ట్ బొమ్మ, బొమ్మ పక్కన తరగతి నంబరు ఉంటాయి.

తరగతి అంటే ఏమిటో ఒకసారి లెక్కేసి చూడండి. రెండో తరగతి కావాలంటే ఎండలో మెరిసే ఫ్లోరసెంట్ బట్ట కనీసం 0.50 చదరపు మీటర్లు, హెడ్‌లైట్ వెలుగును తిప్పికొట్టే పట్టీ కనీసం 0.13 చదరపు మీటర్లు ఉండాలి. పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంటే ఆ వెడల్పు పట్టీ సుమారు 2.6 మీటర్ల పొడవు పట్టాలి. నడుము చుట్టూ ఒకటి రెండు చుట్లు, భుజాల మీదుగా కిందికి రెండు పట్టీలు అందుకే వస్తాయి. మీ వీపు మీది చిన్న గీత ఈ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాదు. పైగా ఫ్లోరసెంట్ రంగు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వల్లే మెరుస్తుంది. చీకట్లో, సొరంగంలో దానికి ఆ మెరుపు ఉండదు. అక్కడ పనికొచ్చేది పట్టీ ఒక్కటే. నిమ్మపండు రంగు ఉంది కదా అని ధైర్యం తెచ్చుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే.

పనివాళ్ల కోసం కాక మామూలు జనం వాడకం కోసం 2020లో ఈఎన్ 17353 అనే ఇంకో ప్రమాణం వచ్చింది. అందులో ఏ రకం పగటి వెలుతురుకు, బీ రకం చీకటికి, ఏబీ రకం రెంటికీ. కొన్ని సైక్లింగ్ కంపెనీలు దీని కింద ధ్రువీకరణ తీసుకుంటాయి గనుక, గాలికీ చట్టానికీ ఒకే వెస్ట్ కావాలనుకుంటే ఏబీ అని రాసి ఉందేమో వెతకండి. ఉత్త ఏ రకం కొంటే రాత్రికి ఉపయోగం లేదు. ఏ ప్రమాణం చెల్లుతుందని ఎవరితోనూ వాదించే ఓపిక లేకపోతే 20471 రెండో తరగతికే వెళ్లండి, దాంతో మీకు ఏ వాదనా ఎదురు కాదు. కార్లలో ఉంచే మామూలు వెస్ట్ చాలా వరకు ఆ తరగతిదే, అదీ మడిస్తే జేబులో పడుతుంది. చూడటానికి బాగుండదు, గాలికి పటపటా కొట్టుకుంటుంది, ఆ ఇబ్బంది నేను ఒప్పుకుంటాను. మీ పల్చటి జాకెట్ లోపల, ఇది పైన. వెస్ట్ ఎప్పుడూ అన్నింటికీ పైనే ఉండాలి. వీపుకు సంచి తగిలించుకుని పట్టీలన్నీ కప్పేస్తే వేసుకున్నా లేనట్టే. దాని మీద క్లబ్బు పేరు అచ్చు వేయించడం, ఇరుకని కత్తిరించడం లాంటివి చేయకండి. అలా చేశాక ఆ లేబుల్ చెప్పేది ఆ బట్టకు వర్తించదు.

ఇప్పుడు ఇటలీ. అక్కడి రోడ్డు చట్టంలో 182వ ఆర్టికల్‌కు 2010లో 9-బిస్ అనే ఉపనిబంధన చేర్చారు. ఊరి పరిధి బయట సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు సైకిల్ తొక్కేవారు హై విజిబిలిటీ వెస్ట్ గానీ, భుజాల మీదుగా వేసుకునే మెరిసే పట్టీలు గానీ ధరించాలి. సొరంగాల్లో అయితే వేళతో నిమిత్తం లేదు. మిట్టమధ్యాహ్నమైనా, లోపల దీపాలు వెలుగుతున్నా, సొరంగం పొట్టిదైనా నిబంధన ఒకటే. పగటిపూట మాత్రమే తొక్కుతాం, మాకెందుకు అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. బోర్మియో వైపు నుంచి స్టెల్వియో కనుమ ఎక్కే దారినే తీసుకోండి. 2,757 మీటర్ల ఎత్తుకు పోయే ఆ దారిలో పాతకాలపు ఇరుకు సొరంగాలు వరసగా వస్తాయి. ఒక్కోదాని ముందూ ఆగి తీసి వేసుకోవడం ఎలాగూ చేయరు. మొదటి సొరంగానికి ముందే వేసుకుని, చివరిది దాటాక తీసేయండి. మంచు పడకుండా రోడ్డు మీద కట్టిన, ఒక పక్క తెరిచి ఉండే కప్పులు కూడా సొరంగాల కిందికి వస్తాయా అని అడగబోతారేమో. వేసుకుంటే ఆ ప్రశ్నే తలెత్తదు.

పట్టీలు చాలన్నది ఇటలీ ఇచ్చిన వెసులుబాటు. మీ జాకెట్ మీద ధ్రువీకరణ ఉన్న పట్టీలు తగిలించుకుంటే అక్కడ పని జరిగిపోతుంది, బరువు కూడా దాదాపు లేనట్టే. ఫ్రాన్స్ నిబంధనలో మాత్రం వెస్ట్ అనే ఉంది. రెండు దేశాలూ తిరిగేవారు వెస్టే పట్టుకెళ్లడం మంచిది. కోల్ అన్యెల్ కనుమ ఉంది చూశారా, 2,744 మీటర్ల ఎత్తున సరిహద్దు సరిగ్గా దాని శిఖరం మీదుగా పోతుంది. పట్టపగలు పొగమంచు కమ్మితే ఫ్రాన్స్ వైపు ఎక్కుతున్నంతసేపూ వెస్ట్ తప్పనిసరి. శిఖరం దాటి ఇటలీ వైపు దిగుతుంటే అదే పొగమంచుకు ఈ 9-బిస్ వర్తించదు. చట్టం అలా ఉందని చెబుతున్నాను గానీ, శిఖరం మీద వెస్ట్ విప్పేయమని కాదు. స్విట్జర్లాండ్ వైపు మళ్లితే సైకిలిస్టులకు వెస్ట్ తప్పనిసరి కాదు. రాత్రి లైట్లు మాత్రం అన్నిచోట్లా ఉండాలి, వెస్ట్ వేసుకున్నంత మాత్రాన లైటు మినహాయింపు రాదు.

మీ చివరి ప్రశ్నే అన్నింటికంటే ముఖ్యమైనది. మీరు ఏ దేశం నుంచి వెళ్లినా, అక్కడ ప్రమాదం జరిగితే మామూలుగా ఆ చోటి చట్టమే వర్తిస్తుంది. ఫ్రాన్స్ కోర్టులు 1971 నాటి హేగ్ ఒప్పందం ద్వారా, ఇటలీ కోర్టులు రోమ్-2 అనే యూరోపియన్ నిబంధన ద్వారా అదే చోటికి చేరతాయి. కానీ ఆ రెండు చట్టాలు బాధితుణ్ని చూసే తీరు ఒకటి కాదు.

ఫ్రాన్స్‌లో 1985 జులై 5 నాటి చట్టం ఉంది. అప్పటి న్యాయమంత్రి పేరు మీద దాన్ని బదాంతేర్ చట్టం అంటారు. మోటారు వాహనం పాత్ర ఉన్న ప్రమాదంలో నడిచేవారికీ సైకిలిస్టులకూ ఒంటికి తగిలిన గాయాల పరిహారం ఇచ్చేటప్పుడు, నీ తప్పు కూడా ఉంది కదా అని కోత పెట్టడానికి వీల్లేదు. ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. బాధితుడిది క్షమించరాని తప్పు అయి, ప్రమాదానికి అదొక్కటే కారణమై ఉండాలి. క్షమించరాని తప్పు అంటే ఉద్దేశపూర్వకంగా, సరైన కారణమేమీ లేకుండా, తెలిసి ఉండాల్సిన ప్రమాదంలోకి తనను తాను నెట్టుకునే అసాధారణ తీవ్రత గల తప్పు అని అక్కడి అత్యున్నత కోర్టు 1987లో చెప్పింది. వెస్ట్ మరిచిపోవడం ఆ స్థాయికి చేరుతుందని నేను అనుకోను. పదహారేళ్ల లోపు, డెబ్బై ఏళ్లు పైబడిన బాధితులకు రక్షణ ఇంకా ఎక్కువ. అయితే ఇదంతా ఒంటి గాయాల వరకే. విరిగిన సైకిల్, చిరిగిన బట్టలు, పగిలిన ఫోను సంగతి వచ్చేసరికి మీ తప్పును లెక్కలోకి తీసుకుని పరిహారం తగ్గించవచ్చు, పూర్తిగా నిరాకరించవచ్చు కూడా. కార్బన్ ఫ్రేముల ధరలు మీకే తెలుసు. ఇంకో మాట, గుద్దింది మీ స్నేహితుడి సైకిలే అయితే ఈ చట్టం మీ మధ్యకు రాదు, మామూలు పౌర బాధ్యత సూత్రాలే వర్తిస్తాయి.

ఇటలీలో అంత దయ లేదు. అక్కడి పౌర స్మృతి 2054వ ఆర్టికల్ ప్రకారం వాహనాలు ఢీకొన్నప్పుడు, వేరే రుజువు లేకపోతే ఇద్దరి తప్పూ సమానమని మొదట అనుకుంటారు. ఈ లెక్కలో సైకిల్ కూడా వాహనమే. 1227వ ఆర్టికల్ ప్రకారం నష్టానికి బాధితుడి నిర్లక్ష్యం తోడైతే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, గాయాలకైనా సరే. సొరంగంలో వెస్ట్ లేకుండా వెనక నుంచి దెబ్బ తింటే అవతలి బీమా కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కానీ వెస్ట్ లేదని చూపిస్తే చాలదు, అది లేకపోవడానికీ ప్రమాదానికీ సంబంధం ఉండాలి. మలుపులో ఎదురుగా వచ్చిన కారు గీత దాటి మిమ్మల్ని గుద్దిందంటే, వీపు మీద పట్టీ ఉన్నా లేకున్నా జరిగేది అదే. అలాంటప్పుడు కోతకు ఒప్పుకోవద్దు.

అందుకని సాక్ష్యం మీ చేతిలో ఉంచుకోండి. బయల్దేరే ముందు లేబుల్ కనబడేలా వెస్ట్‌కు ఫోటో తీసి పెట్టుకోండి, కొన్న రసీదు దాచండి. ప్రమాదం జరిగితే రక్తం మరకలున్నాయని వెస్ట్ ఉతకకండి, ఆసుపత్రిలో కత్తిరించి తీసినా ఆ ముక్కలు పారేయనివ్వకండి. పోలీసు నివేదికలో వెస్ట్ వేసుకున్నారని, లైటు వెలుగుతోందని రాయించుకోండి. వెళ్లే ముందు మీ ప్రయాణ బీమా పాలసీ కూడా ఒకసారి తిరగేయండి. స్థానిక చట్టాన్ని ఉల్లంఘిస్తుండగా జరిగిన నష్టాన్ని కవర్ చేయం అన్న షరతు ఉంటే, 35 యూరోల జరిమానా కంటే అదే మీకు ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టవచ్చు.

కొన్న జాకెట్ సంగతి. దాన్ని ఉత్త గాలి జాకెట్‌గా అమ్మి ఉంటే దుకాణాన్ని తప్పు పట్టలేం, 'బాగా కనిపించే రంగు' అనడం మోసం కాదు. ధ్రువీకరణ ఉన్న హై విజిబిలిటీ వెస్ట్ అని ప్రకటించి, లోపల సీఈ గుర్తు, ప్రమాణం నంబరు లేకుండా అంటగట్టి ఉంటే మాత్రం చెప్పిన వస్తువు ఇవ్వలేదన్నట్టే. ఆ ప్రకటన పేజీ మాయం కాకముందే ఫోటో తీసుకుని, అమ్మినవాడికి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, మార్చి ఇమ్మనో డబ్బు వెనక్కి ఇమ్మనో అడగండి.