సొంత లారీ కొనే ముందు, రోజువారీ లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 41. చాలా ఏళ్లుగా వేరేవాళ్ల లారీ నడుపుతున్నాను. ఇక్కడ జ్యూస్ పెట్టెలు ఎత్తుకొని కర్నూలు మొదలు నాగ్‌పూర్ దాకా ఐదు చోట్ల దించాలి. పోయి రావడానికి పది రోజులు, చేతికి 11,000 ఇస్తారు. నాగ్‌పూర్‌కే నేరుగా లోడ్ పడితే ఆరు రోజులు, 9,000. తిండీతిప్పలకు రోజుకు 300 నాదే ఖర్చు. 18 లక్షలకు ఒక పాత లారీ అమ్మకానికి ఉంది. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి 4 లక్షలు కడితే, మిగతా 14 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల ఫైనాన్స్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. లారీ కొనడం తప్పని కాదు. నగలు బయటపెట్టేంత లెక్క మీ దగ్గర ఇంకా లేదు.

మీరు అన్నీ ట్రిప్పుల్లో రాశారు. రోజుల్లోకి మార్చి చూడండి. నేరు లోడ్‌లో 9,000కి తిండి ఖర్చు 1,800 తీసేస్తే 7,200 మిగులుతుంది, అంటే రోజుకు 1,200. ఐదు పాయింట్ల లోడ్‌లో 11,000కి 3,000 పోతే 8,000. రోజుకు 800 మాత్రమే. డబ్బులు ఎక్కువ వస్తున్నట్టు కనిపించే ట్రిప్పులోనే మీకు కూలి తక్కువ పడుతోంది.

ఐదు పాయింట్ల ట్రిప్పులో ఎక్కువ పట్టే ఆ నాలుగు రోజులు ఎక్కడ పోతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. హైదరాబాద్ శివార్లకు పొద్దున చేరితే సిటీలోకి నో ఎంట్రీ, రాత్రిదాకా రోడ్డు పక్కన పడుకోవాలి. గోడౌన్‌లో టోకెన్ తీసుకుంటే ముందు వరసగా లారీలు. మీ వంతు వచ్చేసరికి హమాలీలు భోజనానికి వెళ్తారు. పెట్టెల లెక్కలో తేడా వస్తే బిల్లు మీద సంతకం పడదు, రెండు పెట్టెలు నలిగినా ఆ డబ్బు డ్రైవర్ ఖాతాలో రాసేవాళ్లు ఉంటారు. అన్నీ ముగిసి బయటపడితే తర్వాతి పాయింట్ అప్పటికే మూసేసి ఉంటుంది. ఇవాళ ఇందులో మీకు పోతున్నది కూలి. రేపు ఓనర్ అయితే కూలితో ఆగదు.

మీరు చెప్పిన అప్పుకు నెల వాయిదా సుమారు 38,250 అవుతుంది. నాలుగేళ్లలో కట్టేది 18 లక్షల 36 వేలు. రోజుకు వేసుకుంటే 1,275. లారీ హైవే మీద ఉన్నా, గోడౌన్ గేటు ముందు నిలబడ్డా ఆ 1,275 నడుస్తూనే ఉంటుంది. నాలుగు రోజులు నిలిస్తే 5,100. కిరాయి ట్రిప్పుకు వస్తుంది, ఈఎంఐ తారీఖుకు వస్తుంది. కొత్తగా ఓనర్లయినవాళ్లు ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. దీనికి తోడు ఇన్సూరెన్స్ ఉంది. 2022 రేట్లలో 12 నుంచి 20 టన్నుల లారీకి థర్డ్ పార్టీ ప్రీమియమే (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే బీమా) ఏడాదికి 35,313, జీఎస్టీ వేరు. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. టైర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఆరు నెలలు ఒక పని చేయండి. ఓనర్ లారీనే మీ లారీ అనుకొని చిన్న డైరీ పెట్టండి. ప్రతి ట్రిప్పుకు కిరాయి, డీజిల్, టోల్, మామూళ్లు, రిపేరు రాయండి. అన్నిటికంటే ముఖ్యం, కదిలిన రోజులెన్ని, నిలిచిన రోజులెన్ని అన్నది. మన దగ్గర జూన్, జూలైల్లో తోతాపురి మామిడి సీజన్‌లో లోడ్లకు కొదవ ఉండదు, ఆ రెండు నెలలు చూసి అప్పు చేయకండి. డల్ నెలలు కూడా డైరీలోకి రావాలి. ఖర్చులు, మీ జీతం పోను నెలకు 55,000 పైన మిగిలితే అప్పుడు మాట్లాడదాం. అప్పుడైనా మూడు వాయిదాల డబ్బు, లక్షా పదిహేను వేలు, బ్యాంకులో విడిగా ఉండాలి. నగల జోలికి మాత్రం వెళ్లొద్దు. రెండు అప్పులకు ఒకే లారీ సంపాదించలేదు.

ఈలోగా ఓనర్‌తో ఒక మాట మాట్లాడండి. మూడు పాయింట్లు దాటిన లోడ్లకు, ఒక్కోచోట ఒక రోజు మించి నిలిస్తే హాల్టింగ్ బత్తా అడగండి. రోజుకు 400 ఒప్పుకున్నా మీ ఐదు పాయింట్ల ట్రిప్పు కాస్త తేరుకుంటుంది. అడిగితే పోయేదేమీ లేదు, మంచి డ్రైవర్ దొరకడం ఇప్పుడు ఓనర్లకే కష్టంగా ఉంది.

ఇన్సూరెన్స్‌కు మాత్రం ఆరు నెలలు ఆగకండి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, 436 రూపాయల జీవన్ జ్యోతిలో ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇంటికి వస్తాయి. రెండూ ఈ వారమే చేయించండి. ఓనర్ లారీ పాలసీలో డ్రైవర్‌కు, క్లీనర్‌కు కవర్ ఉందో లేదో కాగితం తీయించి చూడండి, నోటిమాట నమ్మకండి. ఇద్దరు మనుషుల కుటుంబమైనా 4 లక్షలు ఎక్కువ కాలం రావు కాబట్టి టర్మ్ పాలసీ (పాలసీ గడువులో చనిపోతే ఇంటికి పెద్ద మొత్తం ఇచ్చే జీవిత బీమా) కూడా అవసరమే. ఫారంలో ఏజెంట్ మీ పని దగ్గర ‘ప్రైవేట్ ఉద్యోగం’ అని రాస్తే ఒప్పుకోకండి. లారీ డ్రైవర్ అనే రాయించండి. ప్రీమియం కొంత పెరిగినా పర్వాలేదు, నిజం దాచారని రేపు క్లెయిమ్ ఆపేస్తే తిరగాల్సింది మీ ఆవిడే.