టెక్ సందేహాలు: మన రోడ్లకు ఏ డ్యాష్‌క్యామ్?

ఈ వారం ఉత్తరాలన్నీ దాదాపు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. కారు ముందద్దానికి అతికిస్తే దారిని వీడియో తీస్తూ ఉండే కెమెరా, డ్యాష్‌క్యామ్. రాసినవాళ్లంతా గోదావరి డెల్టా వాళ్లే కాబట్టి మన రోడ్లు, మన ఎండ, మన ఉప్పుగాలి దృష్టిలో పెట్టుకునే జవాబులు ఇస్తున్నాను.

మాది అమలాపురం. ఉద్యోగం కాకినాడలో. రోజూ యానాం మీదుగా 216 జాతీయ రహదారిలో వెళ్లొస్తాను. తిరుగు ప్రయాణంలో సగం దారికే చీకటి పడిపోతుంది. పది వేలలోపు డ్యాష్‌క్యామ్ కొందామనుకుంటే షాపులో 4కె తీసుకోమంటున్నారు. ఆన్‌లైన్‌లో ఐదు వేలకే 4కె అని ఉంది. ఏది నమ్మాలి?

మీరు తిరిగొచ్చేది చీకట్లో కాబట్టి ముందు 4కె సంగతి పక్కన పెట్టి, లోపలున్న సెన్సర్, అంటే వెలుతురును బొమ్మగా మార్చే చిప్, ఏదో కనుక్కోండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 4కె అని ఉంటుంది. సెన్సర్ పేరు మాత్రం వెనకాల చిన్న అక్షరాల్లోనో, వెబ్‌సైట్‌లో అడుగునో ఉంటుంది. అసలు ఎక్కడా చెప్పలేదంటే ఆ కెమెరాను వదిలేయండి.

4కె బొమ్మ అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. గుణిస్తే దాదాపు 83 లక్షలు. ఈ చుక్కలనే పిక్సెళ్లంటారు, పది లక్షలైతే ఒక మెగాపిక్సెల్. అంటే కనీసం 8 మెగాపిక్సెల్ సెన్సర్ ఉండాలి. చాలా కెమెరాల్లో సోనీ వాళ్ల ఐఎంఎక్స్335 ఉంటుంది. మంచి సెన్సరే, కానీ అది 5 మెగాపిక్సెల్. దాని నుంచి 4కె అంటున్నారంటే చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తున్నారన్నమాట. ఫైలు సైజు పెరుగుతుంది తప్ప కొత్తగా కనిపించేదేమీ ఉండదు.

ఐఎంఎక్స్415 ఉంటే అది నిజమైన 4కె. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 335, 415 రెండూ ఒకే సైజు చిప్‌లు. అదే జాగాలో ఎక్కువ పిక్సెళ్లు ఇరికించడంతో ఒక్కో పిక్సెల్ 2 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) నుంచి 1.45 మైక్రాన్లకు తగ్గిపోయింది. పిక్సెల్ చిన్నదైతే దాని మీద పడే వెలుతురూ తక్కువే. పగలు 415 బొమ్మ బాగుంటుంది. రాత్రి వీధి దీపాలు లేని కాలవ గట్టు మీద మాత్రం 335 ఉన్న 2కె, అంటే 2560 బై 1440 చుక్కల కెమెరాయే శుభ్రంగా చూపించొచ్చు. సోనీ వాళ్లదే, స్టార్‌విస్ 2 అనే కొత్త తరానికి చెందిన ఐఎంఎక్స్678లో ఈ ఇబ్బంది లేదు. అది పెద్ద చిప్, 8 మెగాపిక్సెళ్లు ఉన్నా ఒక్కోటీ 2 మైక్రాన్లే. కానీ అది ఉన్న కెమెరాల ధర మీ బడ్జెట్ దాటిపోతుంది. పది వేలలోపు అయితే నా ఓటు మంచి సెన్సర్ ఉన్న 2కె కెమెరాకే. మిగిలిన డబ్బు మెమరీ కార్డు మీద పెట్టండి.

రాత్రి పూట నంబర్ ప్లేటు గురించి ఎవరేం చెప్పినా ఒక లెక్క గుర్తుంచుకోండి. మీరు 60లో వెళ్తున్నారు, ఎదురుగా లారీ 60లో వస్తోంది. ఇద్దరి మధ్య వేగం గంటకు 120 కిలోమీటర్లు, అంటే సెకనుకు 33 మీటర్లు. చీకట్లో కెమెరా ఒక్కో బొమ్మకు సెకనులో 30వ వంతు సేపు వెలుతురు పట్టిందనుకుంటే, ఆ కాస్త సేపట్లోనే లారీ మీటరుకు పైగా జరిగిపోతుంది. అక్షరాలు అలుక్కుపోక ఏమవుతాయి? దానికి తోడు మనవాళ్లు లైట్లు డిమ్ చెయ్యరు. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేట్లు మెరిసే రకం కాబట్టి మన హెడ్‌లైట్ పడగానే తెల్లగా వెలిగిపోతాయి. హెచ్‌డీఆర్, అంటే బాగా వెలుగున్న చోటూ చీకటి చోటూ రెండూ కనిపించేలా సరిచేసే సౌకర్యం, ఉన్న కెమెరా ఈ మెరుపును కొంత అదుపు చేస్తుంది, అది ఉన్నదే తీసుకోండి. కానీ రాత్రి ఎదురుగా దూసుకొచ్చే బండి నంబరు పక్కాగా పడుతుందని ఏ కంపెనీ చెప్పినా నమ్మొద్దు.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. కెమెరాలో మైకు ఆన్‌లో ఉంచండి. ఏదైనా జరిగిన వెంటనే, బండి నంబరు మీ కంటికి కనిపిస్తే పైకి గట్టిగా చదవండి. రంగు, బండి రకం, ఎటు వెళ్లిందీ కూడా చెప్పండి. కెమెరా కన్ను పట్టలేనిది మన కన్ను పడుతుంది, మైకు దాన్ని దాచిపెడుతుంది. కంగారులో చదివిన నంబరు పది నిమిషాల తర్వాత మనకే గుర్తుండదు, వీడియోలో మాత్రం ఉండిపోతుంది.

చూపు వెడల్పు 170 డిగ్రీలని గొప్పగా రాస్తారు. వెడల్పు పెరిగేకొద్దీ ముందున్న బండి చిన్నదైపోతుంది, నంబరూ చిన్నదైపోతుంది. మన రోడ్లకు 130, 140 చాలు. పక్క నుంచి హఠాత్తుగా గేదె రోడ్డెక్కినా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసినా ఆ వెడల్పులో కనిపిస్తుంది.

కొనేముందు తప్పకుండా అడగాల్సిన ఇంకో మాట: లోపల ఉన్నది లిథియం బ్యాటరీయా, సూపర్ కెపాసిటరా? మే నెలలో ఎండలో అద్దాలేసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడికి చిన్న లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, కెమెరా పెంకు విచ్చుకుంటుంది. కెపాసిటర్ ఆ వేడిని బాగా తట్టుకుంటుంది. అది కెమెరాను ఎక్కువసేపు నడపలేదు, కరెంటు పోయినప్పుడు చివరి ఫైలు సేవ్ చేసేంత శక్తి మాత్రం దాచుకుంటుంది. మనకు కావాల్సిందీ అంతే. మన ఎండల్లో లిథియం బ్యాటరీ ఉన్న డ్యాష్‌క్యామ్ కొనొద్దని గట్టిగా చెబుతాను.

70మై, క్యూబో, డీడీపై, వయోఫో లాంటి పేర్లు మీకు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకే కంపెనీలో మంచి మోడలూ ఉంటుంది, సాదాసీదాదీ ఉంటుంది. కాబట్టి పేరు కంటే మోడల్ వివరాలు చూడండి. లేన్ మారితే అరిచే హెచ్చరికలు, మాటతో నడిపించే సౌకర్యం, పెద్ద స్క్రీన్, వీటికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. తెల్లగీతలు చెరిగిపోయిన రోడ్డు మీద ఆ లేన్ హెచ్చరిక ఊరికే టెన్షన్ పెడుతుంది.

భీమవరం దగ్గర చెరువులు చేస్తున్నామండి. ఉండి రోడ్డులో రొయ్యల వ్యాను ఒకటి మా కారును గీసుకుంటూ వెళ్లిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఆ రోజు వీడియోనే లేదు. కెమెరా లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. కెమెరా పాడైందా?

కెమెరాను అనుమానించే ముందు కార్డును అనుమానించండి. డ్యాష్‌క్యామ్ చిన్న చిన్న ముక్కలుగా, ఒక నిమిషం నుంచి ఐదు నిమిషాల ఫైళ్లుగా రికార్డు చేసుకుంటూ పోతుంది. కార్డు నిండగానే అన్నిటికంటే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఫోన్‌లో ఏళ్ల తరబడి పనిచేసే మామూలు మైక్రో ఎస్డీ కార్డు ఈ రాతకోతలకు త్వరగా అరిగిపోతుంది. కొన్నిసార్లు బయటికి ఏ ఎర్రర్ చూపించకుండానే రాయడం మానేస్తుంది. మీకు జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

లెక్క చూడండి. సెకనుకు 15 మెగాబిట్లతో రాసే ఫుల్ హెచ్‌డీ కెమెరా గంటకు సుమారు 6.75 జీబీ నింపుతుంది. 64 జీబీ కార్డు తొమ్మిది గంటలకు ఒకసారి మొత్తం చెరిగి మళ్లీ రాయబడుతుంది. 30 మెగాబిట్ల 4కె అయితే అందులో సగం సమయమే. అందుకే శాన్‌డిస్క్ హై ఎండ్యూరెన్స్, శాంసంగ్ ప్రో ఎండ్యూరెన్స్ లాంటి, ఈ పనికోసమే చేసిన కార్డు కొనండి. మీద రాసే వేగాన్ని చెప్పే యూ3 లేదా వీ30 గుర్తు ఉండాలి. మీకు 128 జీబీ సరిపోతుంది, మీ కెమెరా ఎంతవరకు తీసుకుంటుందో మాత్రం మాన్యువల్‌లో చూసుకోండి.

నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి. 128 అని రాసి లోపల 16 ఉన్నవి కూడా ఉంటాయి. కొత్త కార్డు రాగానే కంప్యూటర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. కార్డు మొత్తం రాసి, మళ్లీ చదివి, అసలు సైజు ఎంతో చెబుతుంది. కొన్ని గంటలు పడుతుంది, ఓపిక పట్టండి. ఆ తర్వాత కార్డును కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. నెలకోసారి అలాగే చేస్తూ ఉండండి, అప్పుడే పాత వీడియో ఒకటి ప్లే చేసి చూసుకోండి.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కుదుపు వస్తే ప్రమాదం అనుకుని ఆ ఫైలును చెరగకుండా తాళం వేసే జీ సెన్సర్ ఒకటి ఉంటుంది. చెరువుల గట్ల మీద, వానాకాలం గోతుల్లో తిరిగే కారులో దాన్ని హైలో పెడితే ప్రతి గోతికీ ఒక ఫైలుకు తాళం పడుతుంది. కొన్ని కెమెరాల్లో అవే కార్డంతా నిండిపోయి కొత్త వీడియోకు జాగా ఉండదు. సెట్టింగుల్లో లోలో పెట్టండి. నిజంగా ఏదైనా జరిగితే కెమెరా మీదున్న ఎమర్జెన్సీ బటన్ మీరే నొక్కండి.

తణుకు నుంచి రాస్తున్నాను. కారు రాత్రిళ్లు వీధిలోనే పెడతాం. పార్కింగ్ మోడ్ పెట్టిస్తే బ్యాటరీ దిగిపోతుందా? వైర్లు కోస్తే కారు వారంటీ పోతుందని భయం.

దిగుతుంది, కానీ అదుపులో పెట్టుకోవచ్చు. పార్కింగ్ మోడ్ అంటే కారు ఆపి ఉన్నప్పుడూ కెమెరా కాపలా కాయడం. అప్పుడు కెమెరా 4 వాట్లు తాగుతుందనుకోండి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది ఆంపియర్‌లో మూడో వంతు. రాత్రంతా, అంటే 12 గంటల పాటు నడిస్తే 4 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఒక్క రాత్రి భారం కాదు. కారు వదిలేసి మూడు రోజులు హైదరాబాద్ వెళ్తే మాత్రం 24 ఖర్చవుతుంది, తిరిగొచ్చాక కారు స్టార్ట్ కాకపోవచ్చు.

అందుకే వోల్టేజీ తగ్గగానే తనంతట తానే ఆపేసే హార్డ్‌వైర్ కిట్, అంటే కెమెరాను కారు ఫ్యూజ్ బాక్సుకు కలిపే వైరు సెట్టు, వాడాలి. దాన్ని 12.2 లేదా 12.4 వోల్టుల దగ్గర ఆగేలా పెట్టమనండి. 11.8 దాకా పోనివ్వడం బ్యాటరీకి మంచిది కాదు. వైరు కోయనక్కర్లేదు. ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న ముక్కను ఫ్యూజ్ బాక్సులో గుచ్చితే చాలు, తీసేస్తే కారు మళ్లీ మామూలే. వైరును అద్దం పక్క స్తంభం మీదుగా దించేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని ముందు నుంచి కాకుండా వెనక నుంచి పోవాలి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డు రాకూడదు. ఈ మాట బిగించే కుర్రాడికి మీరే చెప్పండి, పక్కనుండి చూడండి.

పాలకొల్లు. చించినాడ వంతెన దగ్గర చిన్న యాక్సిడెంట్ అయింది. తప్పు అవతలివాళ్లదే, వీడియో ఉంది. వాట్సాప్‌లో పంపిస్తే పోలీసులు, కోర్టు ఒప్పుకుంటాయా?

వాట్సాప్‌లో పంపింది విషయం తెలియజేయడానికి పనికొస్తుంది, సాక్ష్యంగా దాని మీద ఆధారపడకండి. అది వీడియోను కుదించేస్తుంది, కెమెరా రాసిన అసలు ఫైలు అది కాదు. ముందుగా కార్డు బయటికి తీసి కవర్లో పెట్టి దాచండి. కెమెరాలో కొత్త కార్డు వేసుకోండి. ఫైలును కట్ చేయొద్దు, పేరు కూడా మార్చొద్దు. కాపీ కావాలంటే కంప్యూటర్‌లోకి ఉన్నదున్నట్టు తీసుకోండి.

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెప్పేది అందులోని 63వ సెక్షన్. పాత చట్టంలో ఇది 65బి. కాపీ ఇచ్చేటప్పుడు దాంతోపాటు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి కంప్యూటర్ ఇచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య, కూడా రాయాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి, ఎవరూ చెయ్యి పెట్టలేదని దాంతో తెలుస్తుంది. మీ లాయరు గారికి అసలు కార్డు ఉందని మొదటిరోజే చెప్పండి.

మిగతా పాఠకులు ఇప్పుడే ఒక పని చేయండి. మీ కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. వీడియో మీద తేదీ 2019 జనవరి 1 అని పడుతుంటే అవతలి లాయరు ముందుగా దాన్నే పట్టుకుంటాడు. జీపీఎస్ ఉన్న మోడల్ టైము తనే సరిచేసుకుంటుంది, టైమ్ జోన్ మాత్రం మనమే పెట్టాలి. జీపీఎస్ మీ వేగాన్ని కూడా వీడియో మీద రాస్తుందని మరిచిపోవద్దు.

నరసాపురం. పాత ఫోనునే డ్యాష్‌క్యామ్‌లా వాడుకోవచ్చా? ఇంకోటి, మా అన్నయ్య కెమెరా స్టాండు ఎండకి ఊడి పడిపోతోంది.

ఫోను వద్దండి. అందులో ఉన్నది లిథియం బ్యాటరీ, ఎండలో అద్దం వెనక ఛార్జింగులో పెట్టి రోజంతా రికార్డు చేయించడం ప్రమాదం. స్టాండు రబ్బరు కప్పుదైతే మార్చి, జిగురు టేపు రకం పెట్టమనండి. అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాక, కారు నీడలో ఉన్నప్పుడు అతికించి ఒకరోజు కెమెరా తగిలించకుండా వదిలేయాలి. చోటు లోపలి అద్దం వెనక, వైపర్ తుడిచే మేరలో ఉండాలి. మీది సముద్రం దగ్గర ఊరు కాబట్టి ఛార్జింగ్ పిన్ను అప్పుడప్పుడూ చూసుకోండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది.

మండపేట. కెమెరా వైఫైకి ఫోను కలుస్తుంది, యాప్‌లో మాత్రం ఏమీ రాదు.

కెమెరా వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది గమనించి ఫోను మెల్లగా మొబైల్ డేటాకు మారిపోతుంది. డేటా ఆపేసి, 'ఇంటర్నెట్ లేదు, కలిసే ఉండాలా' అని ఫోను అడిగితే అవునని నొక్కండి. యాప్‌కు లొకేషన్ అనుమతి కూడా ఇవ్వండి. అప్పటికీ రాకపోతే ఫోనులో వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో పంపే యాప్) ఏదైనా నడుస్తుందేమో చూసి ఆపేయండి.