గడ్డం లాగుతోందంటే ముందు 1000 రాయి దగ్గరే వెతకండి

1000, 4000, 8000 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) రాళ్లతో మంగలికత్తికి ఇంట్లోనే సాన పడుతున్నానని, చేతి మీద రోమాలు తెగుతున్నా గడ్డం దగ్గరికి వచ్చేసరికి కత్తి లాగుతోందని రాశారు. 12000 రాయి కొంటే సరిపోతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నేను సాన పట్టిన కత్తుల్లో ఇలా లాగినవాటికి కారణం చాలావరకు 1000 రాయి మీదే తేలింది.

అంచుకు రెండు వైపులా ఉండే వాలు, అంటే బెవెల్, ఒకే గీత మీద కలవాలి. అంత ఇనుము తీసే శక్తి మీ రాళ్లలో 1000కే ఉంది. 8000 రాయి గీతలను నునుపు చేస్తుంది, అంతే. కలవని బెవెల్‌ను దాని మీద ఎంతసేపు రుద్దినా మెరుపు వస్తుంది గానీ పదును రాదు. 1000 మీంచి దిగిన అంచు కూడా చేతి రోమాలను కోసేస్తుంది కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. కత్తి మడమ (పిడి వైపు చివర) నుంచి కొస దాకా ప్రతి భాగమూ ఒకేలా కోస్తోందా చూడండి. దీపం కింద అంచును నేరుగా పైనుంచి చూస్తే, మొద్దుగా ఉన్నచోట సన్నటి తెల్ల గీత మెరుస్తుంది. బెవెల్‌కు రెండు వైపులా మార్కర్ పూసి రాయి మీద రెండుసార్లు నడిపితే, ఎక్కడ తగలడం లేదో చెరగకుండా మిగిలిన ఇంకు చెబుతుంది.

వంటింటి కత్తిలా వెన్ను, అంటే అంచుకు ఎదుటి మందపాటి వైపు, పైకి ఎత్తకూడదు. వెన్ను, అంచు రెండూ రాయికి ఆని ఉండాలి. కోణాన్ని తయారుచేసినవాళ్లు వెన్ను మందంలోనే పెట్టేశారు. వెన్ను అరగకుండా నేను ఒక పొర ఎలక్ట్రికల్ టేపు వేస్తాను. మీరూ వేస్తే చివరి రాయి దాకా ఉంచండి, మధ్యలో తీస్తే కోణం మారిపోతుంది.

ఇక ఒత్తిడి. ఈ కత్తి రేకు పల్చన, వేలితో నొక్కితే వంగుతుంది. 1000 మీద కాస్త బరువు వేసినా పర్వాలేదు, 8000కి వచ్చేసరికి కత్తి బరువు ఒక్కటే చాలు. నా చేతికి ఇది అలవాటయ్యాకే గడ్డం హాయిగా దిగడం మొదలైంది. రాయి మీద అంచు ముందుకు నడవాలి, తిప్పేటప్పుడు ఎప్పుడూ వెన్ను మీదుగానే తిప్పాలి.

రాయి మధ్యలో గుంట పడి ఉంటే ఇదంతా వృథా. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, దాన్ని మందపాటి అద్దం మీద పరిచిన నీటి సాండ్‌పేపర్‌పై గీతలన్నీ పోయేదాకా రుద్దండి.

8000 తర్వాత కత్తిని గుడ్డ పట్టీ మీద, ఆపైన తోలు పట్టీ మీద నడపాలి. ఇక్కడ వెన్ను ముందు నడుస్తుంది. పట్టీ బిగువుగా లేకపోతే అంచు గుండ్రబడుతుంది. బెవెల్ సరిగ్గా కలిసిన కత్తి 8000తోనే చక్కగా గీస్తుంది. 12000 దానికి అదనపు సుఖం.

ఇంత చేసినా లాగుతుంటే, గీసే కోణం చూడండి. చర్మానికి సుమారు 30 డిగ్రీలు దాటి నిలబెడితే మంచి కత్తి కూడా లాగుతుంది. అనుమానం తీరాలంటే చేయి తిరిగినవాళ్లు సాన పట్టిన కత్తి ఒకటి తెప్పించుకుని దానితో గీసి చూడండి. అదీ లాగితే తేడా రాళ్లలో లేదు, పట్టులో ఉంది.