టెక్ సందేహాలు: యూట్యూబ్ ఆగదు, ఫోన్‌లో మాట మాత్రం తెగుతుంది

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. యూట్యూబ్ ఎక్కడా ఆగదు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్ కాల్ చేస్తే మాత్రం మాట తెగిపోతోంది. మామూలు ఐఎస్‌డీ కాల్ చేసుకోవడమే మేలా? ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోవాలా? (ఒక పాఠకురాలు, జగిత్యాల)

జవాబు: రెండూ అక్కర్లేదు. యూట్యూబ్ వీడియోను కొంత ముందుగానే దింపి పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో రెండు మూడు సెకన్లు నెట్ తడబడినా మీకు తెలియదు. సంభాషణకు ఆ వెసులుబాటు లేదు. మీ అమ్మాయి ఇంకా పలకని మాటను ముందే దింపుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతును సాధారణంగా సెకనుకు 50 ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకెట్‌గా పంపుతారు. బాగా ఆలస్యమైన ప్యాకెట్‌ను యాప్ పారేస్తుంది. ‘బాగున్నావా’లోని ‘గు’ తీరా ‘వా’ తర్వాత చేరితే దానితో పనేముంది? మీకు మాట తెగినట్టు వినిపించేది అలా పారేసిన ముక్కల వల్లే.

మాట ఒకవైపు నుంచి రెండోవైపు చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్లకు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) మించకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతుంది. డాలస్ దాకా ఫైబర్‌ను తిన్నగా పరిచినా సుమారు 70 మిల్లీసెకన్లు దూరానికే పోతాయి. అసలు దారి అంతకంటే పొడవు. కనుక మిగిలిన ఆ కాస్త సమయాన్ని ఇంట్లో వృథా కానివ్వకూడదు. మాటకు 0.1 ఎంబీపీఎస్ ఉన్నా దాదాపు సరిపోతుంది, వేగం పెంచితే డబ్బు ఖర్చు తప్ప ఫలితం ఉండదు. ఒకసారి రౌటర్ పక్కనే కూర్చుని కాల్ చేసి చూడండి. అక్కడ బాగుండి పడకగదిలో తెగితే తప్పు మీ వైఫైది. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు మార్చండి. అదే సమయంలో ఇంట్లో మరో ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్‌కు ఎక్కిస్తూ ఉంటే దాన్ని ఆపండి. చాలా ఇళ్లలో అసలు దొంగ అదే.

ఐఎస్‌డీకి నిమిషాల లెక్కన చెల్లించాలి, వాట్సాప్ కాల్‌కు డేటా ఖర్చు ఒక్కటే. పైగా పాత టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య) వరకే ధ్వనిని మోసేది, అందుకే ‘స’ ఏదో ‘ఫ’ ఏదో తెలిసేది కాదు. ఇంటర్నెట్ కాల్స్ అంతకంటే విస్తృతమైన ధ్వనిని పంపగలవు కాబట్టి, నెట్ నిలకడగా ఉన్నప్పుడు మనిషి ఎదురుగా మాట్లాడినట్టే ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో సిగ్నల్ ఒక్క గీతే ఉంటుంది. ఊళ్లో అమ్మ దగ్గర బటన్ ఫోన్ ఉంది, వాట్సాప్ లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘వైఫై కాలింగ్’ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సదుపాయాన్ని ప్రారంభించాయి. మీ కాల్ ఇంటి వైఫై మీదుగా ఆపరేటర్‌కు చేరి, అక్కడి నుంచి మామూలు కాల్‌గానే అమ్మకు వెళుతుంది. మీ నంబరే కనిపిస్తుంది, ఆమె వైపు నెట్ అవసరం లేదు. కరెంటు పోతే రౌటర్‌తో పాటు ఈ సదుపాయమూ పోతుంది కనుక ఇన్వర్టర్‌కు రౌటర్‌ను కూడా కలపండి. అత్యవసరానికి 112ను ఎప్పుడూ ఫోన్ డయలర్ నుంచే చేయాలి, వాట్సాప్ నుంచి ఆ నంబరు కలవదు.

ప్రశ్న: దుబాయ్‌లోని మా తమ్ముడికి వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్ కలవదు. ఫోన్ పాడైందా?

జవాబు: ఫోన్ బాగానే ఉంది. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ను మీరిద్దరూ పెట్టుకోండి. వీపీఎన్‌తో (మనం ఏ దేశం నుంచి నెట్ వాడుతున్నామో దాచే యాప్) ఈ ఆంక్షలను దాటవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు. పట్టుబడితే భారీ జరిమానా కట్టాల్సి రావచ్చు, కట్టేది మీ తమ్ముడే.