నలుగురిలోకి రాలేని తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన సెమిస్టర్లో సెమినార్ ఇస్తుండగా మాట పెగలక మధ్యలోనే బయటికి వచ్చేశాడట. అప్పటి నుంచి క్లాసులకు సరిగా వెళ్లడం లేదని, మెస్‌కు పోకుండా గదిలో బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నాడని రూమ్మేట్ చెప్పాడు. వైవాకు భయపడి రెండు ల్యాబ్ పరీక్షలు రాయలేదు. పోయిన వారం ఫోన్‌లో ‘నేను లేకపోతే నాన్నకు ఫీజుల బాధ తప్పుతుంది’ అన్నాడు. నాన్నేమో మగపిల్లాడికి ఈ సిగ్గేమిటని కొట్టిపారేస్తున్నారు. చనిపోవాలని ఉందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో. ఏం చేయమంటారు?
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఫీజుల గురించి మీ తమ్ముడు అన్న మాట. తాను ఇంటికి బరువయ్యానన్న భావన, తనకు ఎవరూ లేరన్న భావన ఒక మనిషిలో కలిసినప్పుడు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనకు చోటు దొరుకుతుంది. కాబట్టి అతనిని తప్పక అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను ఒంటరిగా మోస్తున్నవాడికి చెప్పుకునే వీలు కలుగుతుంది.

అయితే ఫోన్‌లో అడగకండి. నలుగురి ముందు మాట్లాడటానికి భయపడేవారిలో చాలామందికి ఫోన్ మాట్లాడటం కూడా కష్టమే. ఫలానా రోజు వస్తున్నానని మెసేజ్ పెట్టి, ఈ వారంలోనే వెళ్లండి. గదిలో తోటి విద్యార్థుల మధ్య కాకుండా, బయట నడుస్తూనో, టీ తాగుతూనో, ఇద్దరే ఉన్నప్పుడు ‘నువ్వు ఆ రోజు అన్న మాట నా మనసులో ఉండిపోయింది, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా నాన్నా?’ అని మామూలు గొంతుతో అడగండి. అతను చెప్పడానికి సమయం తీసుకుంటే ఆ మౌనాన్ని మీరు మాటలతో నింపవద్దు. ‘అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా’ అనే మాట మన ఇళ్లలో ప్రేమతోనే వస్తుంది, కానీ ఇప్పటికే తాను బరువని నమ్ముతున్నవాడి నెత్తిన అది మరో బరువు పెడుతుంది. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకండి.

అవునంటే, ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోందో, ఏదైనా నిర్ణయించుకున్నాడో కూడా అడగండి. నిర్ణయించుకున్నానంటే అతనిని ఒంటరిగా వదలకుండా, హాని చేసుకోవడానికి వీలైనవేవీ అందుబాటులో లేకుండా చూసి, అదే రోజు దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి; అవసరమైతే 108కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అతను చేయలేకపోతే, ఏం చేయాలో తెలుసుకోవడానికి మీరే చేయండి.

ఇక మీ నాన్నగారి మాట. బిడియం పరిచయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురి ముందు ఏమనుకుంటారో అన్న తీవ్రమైన భయం, అలా కాదు. సెమినార్ ఉందంటే పది రోజుల ముందు నుంచే గుండె దడ మొదలవుతుంది. మాట్లాడుతున్నంతసేపూ విషయం మీద కాక, తన చేతులు వణుకుతున్నాయా, ఎవరైనా నవ్వుతున్నారా అన్నదాని మీదే దృష్టి ఉంటుంది. అయిపోయాక రాత్రంతా అదే దృశ్యం కళ్ల ముందు తిరుగుతుంది. వైవాకు వెళ్లకపోతే ఆ పూటకు ప్రాణం కుదుటపడుతుంది, ఆ కుదుటే భయాన్ని పెంచి పోషిస్తుంది. తప్పించుకున్న ప్రతి పరీక్షా ఒక బ్యాక్‌లాగ్ అవుతుంది, బ్యాక్‌లాగ్ ఇంట్లో దాచవలసిన రహస్యమవుతుంది, దాచినకొద్దీ ఫీజు కడుతున్న తండ్రి ముందు తలెత్తలేకపోతాడు. సిగ్గు దగ్గర మొదలైనది ‘నేను లేకపోతే’ దాకా వచ్చింది ఈ దారిలోనే. నలుగురిలో భయం ఉన్నవారందరికీ ప్రాణాపాయం ఉందని నేను అనడం లేదు. ఒంటరితనం, డిప్రెషన్, మద్యం తోడైనప్పుడు అపాయం పెరుగుతుంది. (రెండు పెగ్గులు వేస్తే భయం పోతుందని సలహా ఇచ్చే స్నేహితులు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. అలవాటైందా అన్నది కూడా నెమ్మదిగా కనుక్కోండి.)

దీనికి మంచి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే, ఆలోచనా తీరునూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్సలో భయపడే పనులను చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే చేయిస్తారు: మొదట మెస్‌లో ఒకరి పక్కన కూర్చోవడం, తరువాత క్లాసులో ఒక్క సందేహం అడగడం, ఆ తరువాత ఇద్దరు ముగ్గురి ముందు ఐదు నిమిషాలు మాట్లాడటం. ‘స్టేజీ ఎక్కిస్తే అదే పోతుంది’ అని ఒక్కసారిగా తోసేయడం దీనికి పూర్తిగా విరుద్ధం. మానసిక వైద్యులు మందులు రాయవలసి వస్తే, అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. 25 ఏళ్లలోపు వారిలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంటుంది కనుక, ఆ రోజుల్లో కనిపెట్టి ఉండాలి, డాక్టరును అడగకుండా మందు ఆపకూడదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ చూపించవచ్చు. మేజరు కనుక అతని ఇష్టంతోనే ఇదంతా జరగాలి. మొదటిసారి పక్కన మీరు కూర్చుంటే చాలు. వైద్యం సంగతి బయటికి పొక్కి పెళ్లికీ ఉద్యోగానికీ అడ్డవుతుందని ఇంట్లో ఎవరైనా అంటే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోందని వివరించండి.

కాలేజీ సంగతి కూడా తేలికగా వదలకండి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించుకోవాలని చెప్పింది. మీ తమ్ముడి కాలేజీలో ఆ ఏర్పాటు ఉందో లేదో అడగండి. అతను ఒప్పుకుంటే విభాగాధిపతిని కలిసి, రాయని ల్యాబ్ పరీక్షలకు మరో అవకాశం ఉందా, వైవా ఒకరిద్దరు అధ్యాపకుల ముందు మాత్రమే జరపగలరా అని కనుక్కోండి.

మీ నాన్నగారితో ముందుగా మీరు మాట్లాడండి. ఫీజుల లెక్క పక్కన పెట్టి, బ్యాక్‌లాగ్‌లు ఉన్నా ఫరవాలేదు ఇంటికి రా అని ఆయన నోటితో ఒక్కసారి అనగలిగితే, ఆ మాట మీరూ నేనూ చెప్పేదానికంటే లోతుగా చేరుతుంది. రూమ్మేట్ నంబరు దగ్గర ఉంచుకోండి, కానీ కాపలా భారమంతా ఆ కుర్రవాడి మీద వేయకండి, అతనూ విద్యార్థే. మీరు తిరిగి వచ్చాక రోజూ ఒక వేళకు మెసేజ్ పెట్టండి. అతను ఒక్క ముక్కలో జవాబిచ్చినా, ఇవ్వకపోయినా, మర్నాడు మళ్లీ పెట్టండి. రెండు పూటలు గడిచినా జవాబు రాకపోతే రూమ్మేట్‌కూ వార్డెన్‌కూ ఫోన్ చేయడానికి మొహమాటపడవద్దు.